కనిగిరి నీళ్ళు, ఆస్పత్రి పైపు

కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలో తాలూకా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు వాళ్ళను కర్నూలు నుంచి విడదీసి ఒకచోట చేర్చారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా మారిందిగానీ తాగే నీళ్ళు మారలేదు. వైద్యశాస్త్ర చరిత్రలోకి మా ప్రాంతం ఎక్కింది ఆ నీళ్ళ వల్లనే. హెచ్.ఇ. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పాత నెల్లూరు జిల్లా పల్లెల జనాన్ని పరీక్షించి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టిన షార్ట్ ఈయనే. గారపట్టిన పళ్ళు, వంగని నడుములు, మెడ తిప్పలేని రైతులు: అది మా తాతల తరం సంగతి.

ఫ్లోరోసిస్ అనగానే అందరూ పళ్ళూ ఎముకలూ గుర్తుచేసుకుంటారు. నాకు గుర్తొచ్చేది మూత్రాశయం. ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి వెన్నుపూసల మీద పేరుకుంటే లోపల వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి, ఒంటికి వస్తున్నదీ రానిదీ తెలియకుండా పోతుంది. నిమ్స్ డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు తెలుగు పల్లెల్లోని ఈ వెన్నుజబ్బును ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినవాళ్ళలో పదిమందికి ఒకరి దాకా నరాల జబ్బు వస్తుందని వైద్యుల లెక్క. అలాంటి మనిషిని పెద్దాస్పత్రికి తీసుకెళ్తే మొదట చేసే పని మూత్రానికి గొట్టం పెట్టడం. మా వైపు దాన్ని ‘పైపు వేశారు’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ మనిషి మూత్రం సీసా ఎన్ని రోజుల్లో నా బల్ల మీదికి వస్తుందోనని లెక్క వేసుకునేదాన్ని.

నేను మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మనిషిని. పుట్టింది కనిగిరి. ఉద్యోగం సాగింది ఊరికి దూరంగా ఉన్న ఒక పెద్దాస్పత్రిలో. వార్డులో రోగి ముఖం చూసేది డాక్టర్లు, సిస్టర్లు. మూత్రంలో పెరిగే క్రిముల్ని చూసేదాన్ని నేను. ఆస్పత్రిలో చేరాక అంటుకునే మూత్రం ఇన్‌ఫెక్షన్ల చరిత్ర నాకు పుస్తకాల కంటే ముందు క్రిముల్ని పెంచే అగర్ పళ్ళాల మీదే తెలిసింది.

గొట్టం మాత్రం కొత్తది కాదు. సుశ్రుతసంహితలోనే మూత్రాశయానికి గొట్టం వేసే పద్ధతి ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి సర్జన్ నెలాటన్ మెత్తటి రబ్బరు గొట్టం తెచ్చాడు. దాన్ని లోపల నిలిపి ఉంచడం కష్టం. తొడకు ప్లాస్టరు అంటించి కట్టేవాళ్ళు. 1930లలో అమెరికాలోని సెయింట్ పాల్‌లో ఫ్రెడరిక్ ఫోలీ అనే యూరాలజిస్టు గొట్టం చివర చిన్న బెలూన్ అమర్చాడు. లోపలికి వెళ్ళాక సిరంజితో కాసిని నీళ్ళు ఎక్కిస్తే బెలూన్ ఉబ్బి గొట్టం జారిపోకుండా ఆగుతుంది. ఇప్పటికీ ప్రతి ఆస్పత్రి స్టోరులో ఉండేది ఆ ఫోలీ కెథెటరే. ఎంత మేలు చేసిందో చెప్పలేం. పెట్టడం సులువు, ఉంచడం మరీ సులువు. ఆ రెండో సులువు దగ్గరే జబ్బు మొదలైంది.

మూత్రం పోయేటప్పుడు దారిలో చేరిన క్రిముల్ని కడుక్కుంటూ పోతుంది. శరీరానికి అదొక రక్షణ. పైపు వేస్తే ఆ కడుగుడు ఆగిపోతుంది. పేగుల్లో ఉండాల్సిన ఈ.కోలై పైపు వెంబడి పైకి పాకుతుంది. రబ్బరుకు అతుక్కుని తనచుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. ఆ పొర లోపలికి మందు సరిగా చేరదు. ప్రోటియస్ అనే క్రిమి అయితే మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి లవణాలు పేరుకునేలా చేస్తుంది. పది రోజులు దాటిన పైపు తీసినప్పుడు చివర తెల్లటి ఇసుక గట్టిపడి కనిపించేది అదే. ఒక్కోసారి అది పైపును పూర్తిగా మూసేస్తుంది, రోగి కడుపు ఉబ్బి గిలగిల్లాడతాడు.

ఇది తెలియక జరిగింది కాదు. 1958లో అమెరికాలో పాల్ బీసన్ అనే పెద్ద వైద్యుడు ‘కెథెటర్ మీద అభియోగం’ అని అర్థం వచ్చే శీర్షికతో సంపాదకీయం రాశాడు. పైపు వేయడమంటే రోగిని ఒక తీవ్రమైన జబ్బు ముందు నిలబెట్టడమే, ఆలోచించి వేయండి అని దాని సారం. అప్పట్లో పైపు రెండో కొస తెరిచిన సీసాలో వేలాడేది. ఆ పద్ధతిలో నాలుగు రోజుల్లో దాదాపు అందరి మూత్రంలోనూ క్రిములు చేరేవి. 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ అనే ఇద్దరు, పైపు నుంచి సంచి దాకా ఎక్కడా గాలి తగలకుండా మూసి ఉంచితే ఆ ఇన్‌ఫెక్షన్ బాగా వెనక్కి పోతుందని చూపించారు. పోతుందిగానీ ఆగదు. మూసిన సంచితో కూడా రోజుకు నూటికి మూడు నుంచి ఏడుగురి మూత్రంలో క్రిములు చేరుతుంటాయి. నెల దాటితే మళ్ళీ దాదాపు అందరికీ.

నేను ఉద్యోగంలో చేరింది 1980లలో. క్యూనిన్ వ్యాసం వచ్చి రెండు దశాబ్దాలు. అప్పుడు కూడా మంచం కింద ఖాళీ సెలైన్ సీసా, అందులో పైపు కొస. సీసా నిండితే రోగి చెల్లెలో భార్యో తీసుకెళ్ళి పారబోసి, అదే చేత్తో పైపు కొస పట్టుకుని మళ్ళీ సీసాలో పెట్టేది. పక్క మంచం రోగి సీసా కూడా ఆమే పారబోసేది, సాయంగా. కుళాయి ఎండిపోయిన రోజు చేతులు కడుక్కునే మాటే లేదు. ఆ ఆడవాళ్ళను తప్పుపట్టే మాట నా నోట రాదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, సంచులు కొనడానికి బడ్జెట్ లేదు. తరవాత ప్లాస్టిక్ యూరిన్ బ్యాగులు వచ్చాయి. బ్యాగు నేల మీద పడేసి ఉండటం, రోగిని స్ట్రెచర్ మీద తోస్తూ బ్యాగును పొట్ట మీద పెట్టడం మాత్రం పోలేదు. పొట్ట మీద పెడితే సంచిలోని మూత్రం వెనక్కి, మూత్రాశయంలోకే పోతుంది.

ఇక నా పళ్ళెం సంగతి. కొలత ఉన్న సన్నటి తీగె లూపుతో మూత్రం ఒక చుక్క తీసి అగర్ మీద గీస్తాం. రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాం. మర్నాడు మెకాంకీ అగర్ మీద ఈ.కోలై చదునుగా గులాబీ రంగులో, క్లెబ్సియెల్లా జిగటజిగటగా ఉబ్బి, సూడోమొనాస్ పచ్చటి ఛాయతో, తీపి వాసనతో కనిపిస్తాయి. మిల్లీలీటరుకు లక్ష దాటితే లెక్కలోకి వచ్చినట్టు. 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ పెట్టిన గీత అది. ఆ తరవాత క్రిమిని ఇంకో పళ్ళెం నిండా పరిచి, దాని మీద మందు తడిపి ఆరబెట్టిన ఆరు మిల్లీమీటర్ల కాగితపు బిళ్ళలు పెడతాం. మందుకు లొంగే క్రిమి అయితే బిళ్ళ చుట్టూ పెరగదు, శుభ్రమైన గుండ్రటి జాగా వదులుతుంది. స్కేలుతో ఆ జాగా కొలుస్తాం. లొంగని క్రిమి బిళ్ళ అంచు దాకా వచ్చి పెరుగుతుంది.

ఈ పరీక్షను ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో కూడా చెప్పాలి, ఎందుకంటే మందులు పాడైపోయిన కథలో సగం ఇక్కడుంది. ఈ.కోలైకి అనువైన వెచ్చదనం దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఏప్రిల్ ఎండలో సీసా కారిడార్లో నాలుగు గంటలు ఉంటే ఒకటి నాలుగు వేలు. మా కనిగిరి నుంచి ఒంగోలుకు బస్సులో వచ్చే సీసా ఐసు లేకుండా వస్తే అందులో లక్ష దాటడానికి ఇన్‌ఫెక్షనే ఉండనక్కర్లేదు. అంతకంటే పెద్ద తప్పు, సంచిలోంచి వంచిన మూత్రం. సంచిలో నిన్నటి మూత్రం, అందులో ఊరిన క్రిములు. పైపు పక్కన రబ్బరు ముక్కను స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. సంచి మూత్రం పంపితే నా పళ్ళెం మీద రెండు మూడు రకాలు పెరుగుతాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా రిపోర్టులో పేరు కనపడింది కాబట్టి మందు రాస్తారు. పైపు ఉన్న మనిషి మూత్రంలో క్రిములు ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు. ఆ తేడా చూడకుండా ఎక్కించిన ప్రతి సూదీ లొంగే క్రిముల్ని చంపి, లొంగని వాటికి చోటు ఖాళీ చేసింది.

మందుల వరసను నేను బిళ్ళల డబ్బాల వరసగానే చెప్పగలను. చేరిన కొత్తలో ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, నాలిడిక్సిక్ ఆసిడ్, జెంటామైసిన్, నైట్రోఫ్యురాంటోయిన్. ఆంపిసిలిన్ బిళ్ళ చుట్టూ జాగా అప్పటికే తగ్గిపోతోంది. అంతలో నార్‌ఫ్లాక్ససిన్ వచ్చింది. తాడేపల్లిలో పుట్టి, ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో సొంత కంపెనీ పెట్టిన కల్లం అంజిరెడ్డి గారి డాక్టర్ రెడ్డీస్‌కు మార్కెట్లో పేరు తెచ్చిన మందు నోరిలెట్ అంటే ఈ నార్‌ఫ్లాక్ససినే. విదేశీ మందును చవగ్గా చేసి పేదవాడికి అందించిన మేలు అది. దాన్ని నేను గౌరవంగానే చెబుతున్నాను. మొదట్లో నార్‌ఫ్లాక్ససిన్ బిళ్ళ చుట్టూ జాగా ఎంత పెద్దదంటే పక్క బిళ్ళ జాగాతో కలిసిపోయేది. ఆ వెనకే సిప్రోఫ్లాక్ససిన్. 21 మిల్లీమీటర్లు ఉంటే లొంగినట్టు అని అప్పటి కొలత. ముప్పై దాటే జాగాలు చూశాను. తరవాత పాతిక, తరవాత పద్దెనిమిది, ఆ తరవాత స్కేలు అవసరమే లేకపోయింది.

మా ఊళ్ళల్లో అప్పటికి మూత్రంలో మంట వస్తే వేడి చేసిందనేవాళ్ళు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్లేరుకాయల కషాయం. తగ్గకపోతే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర నాలుగు మాత్రలు. రెండు వేసుకుని మంట తగ్గితే మిగతా రెండూ బీరువాలో. కూలికి పోవాల్సిన మనిషికి ఒంగోలు వెళ్ళి కల్చర్ చేయించుకోవడమంటే రెండు రోజుల కూలి పోవడం. ఇదంతా తెలిసే చెబుతున్నా.

2000 వచ్చేసరికి సెఫ్ట్రియాక్సోన్ సూది ప్రతి వార్డులో మంచినీళ్ళప్రాయం. నా పళ్ళెం మీద కొత్త ఆకారం కనిపించడం మొదలైంది. మధ్యలో క్లావులనేట్ కలిపిన బిళ్ళ, పక్కన సెఫోటాక్సిమ్ బిళ్ళ పెడితే రెండింటి నడుమ తాళంచెవి రంధ్రంలా ఒక జాగా. క్రిమి ఆ మందుల్ని విరగ్గొట్టే ఎంజైము తయారు చేస్తోందని దాని అర్థం. ఈ పరీక్షను 1988లో ఫ్రాన్స్‌లో జార్లియే బృందం వివరించింది. ఇప్పుడు ప్రపంచమంతా వ్యాపించిన సీటీఎక్స్-ఎం-15 అనే రకం ఎంజైమును మొదట గుర్తించింది 1999లో ఢిల్లీలో సేకరించిన క్రిముల్లో. మొదటిసారి ఆ రంధ్రం కనిపించినప్పుడు మా మేడమ్‌ని పిలిచి చూపించాను. కొన్నేళ్ళకు ఆ రంధ్రం లేని పళ్ళెం వస్తే పిలిచి చూపించే రోజులొచ్చాయి.

దాంతో పెద్ద మందులు, ఇమిపెనెమ్, మెరోపెనెమ్, మామూలు వార్డుల్లోకి దిగాయి. 2007 డిసెంబరులో ఢిల్లీలో ఆస్పత్రిపాలైన ఒక భారత సంతతి స్వీడన్ పౌరుడు స్వదేశం వెళ్ళాడు. 2008 జనవరిలో అక్కడ ఆయన మూత్రంలో పెరిగిన క్లెబ్సియెల్లా ఆ పెద్ద మందులకూ లొంగలేదు. దాన్ని అలా చేసిన జన్యువుకు న్యూఢిల్లీ పేరు పెట్టారు. అదే ఎన్‌డీఎం-1. లోకమంతా మాట్లాడుకున్న ఆ జన్యువు మొదట దొరికింది ఒక మూత్రం సీసాలోనే అని ఎవరూ గుర్తుచేయరు. 2010లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కుమారసామి కార్తికేయన్ మొదటి రచయితగా లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చిన వ్యాసం, చెన్నైలోనూ హర్యానాలోనూ అది ఉందని చూపించింది. పేరులో ఢిల్లీ ఎందుకు పెట్టారని మనవాళ్ళకు కోపం వచ్చింది. ఆ కోపంలో చాలా సమయం పోయింది. చెన్నై మాకు పరాయి ఊరు కాదు. పామూరు, కనిగిరి జనం నెల్లూరు దాటి వెళ్ళే పెద్ద వైద్యం అక్కడే.

ఇంకో మూలం మన హైదరాబాదు పక్కనే ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్. రోజుకు 45 కిలోలు ఏట్లోకి పోతోందని వాళ్ళ అంచనా. నా పళ్ళెం మీద ముప్పై నుంచి సున్నాకు పడిపోయిన మందు ఇదే. వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌కు పరిమితులు పెడతామని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్-1 ప్రకారం పెద్ద యాంటీబయాటిక్ అమ్మిన ప్రతిసారీ మందుల షాపువాళ్ళు రిజిస్టరులో రాయాలి. అది నిజంగా మంచి నియమం. ఆ రిజిస్టరు ప్రతి షాపులోనూ రోజూ తెరుచుకోవాలని నా కోరిక.

ఐసీఎంఆర్ 2013 నుంచి పెద్దాస్పత్రుల రిపోర్టులు ఒకచోట చేర్చి లెక్క కడుతోంది. వాళ్ళ లెక్కలో ఇమిపెనెమ్‌కు లొంగే ఈ.కోలై 2017లో నూటికి 81. 2023లో 63. క్లెబ్సియెల్లా 58 నుంచి 36కు దిగింది.

ఇక్కడే కనిగిరి సంగతి వేరే ఊళ్ళ సంగతి కంటే బరువైపోతుంది. ఆస్పత్రి క్రిమి పెద్ద మందులకు లొంగకపోతే మిగిలేవి కాస్త పాతవి. ఒకటి కొలిస్టిన్, 1959 ప్రాంతంలో వాడకంలోకి వచ్చి, కిడ్నీలు పాడుచేస్తోందని పక్కనబెట్టి, వేరే దారి లేక మళ్ళీ తీసినది. ఇంకోటి అమికాసిన్, అదీ కిడ్నీ మీద దెబ్బే. మూడోది 1953 నాటి నైట్రోఫ్యురాంటోయిన్. ఈ.కోలై చాలావరకు దానికి ఇంకా లొంగుతోంది. కానీ ఆ మందు కిడ్నీ వడగడితేనే మూత్రంలోకి చేరుతుంది. కిడ్నీ చెడినవాళ్ళలో పనిచేయదు. ఫాస్ఫోమైసిన్ పొడి ఒకటుంది, మూత్రాశయం దాకా సరే, రక్తంలోకి పాకితే దాన్ని నమ్ముకోలేం. మా కనిగిరి, పి.సి.పల్లి, వెలిగండ్ల వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోతోందో ఏళ్ళుగా పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఫ్లోరైడా, కీళ్ళనొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ మాత్రలా, ఎండలో నీళ్ళు చాలని పనా, అన్నీ కలిసా, పరిశోధన ఇంకా తేల్చలేదు. తేలినా తేలకపోయినా, మిగిలిన మందులన్నీ బాగున్న కిడ్నీని అడిగేవే. మా వాళ్ళ దగ్గర లేనిది అదే.

ఒకసారి ఒక అబ్బాయి ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చాడు. తండ్రి డయాలసిస్ పేషెంటు. పైపు వేసి మూడు వారాలు.

“మేడమ్, మా నాయన రిపోర్టులో అన్నిటికీ ఆర్ అని ఉండాది. ఆర్ అంటే రైటేనా?”

ఆర్ అంటే రెసిస్టెంట్, మందుకు లొంగదని. చెప్పాను.

“పక్క మంచమాయనకు వాడిన సూదే రాయండి మేడమ్. డబ్బులు ఎట్టోగట్టా తెస్తా.”

“మందు రాసేది నేను కాదు నాయనా. డాక్టరుగారిని ఒక్క మాట అడుగు. ఆ పైపు ఇంకా అవసరమా అని.”

నేను చెప్పగలిగింది అంతే. కానీ ఇన్నేళ్ళ నా బల్ల పని నాకు నేర్పింది కూడా అదే. ఈ జబ్బుకు మొట్టమొదటి మందు పైపు తీసేయడం. 2000లో అమెరికాలో సంజయ్ సెయింట్ బృందం, పైపు ఉన్న రోగుల డాక్టర్లను ‘మీ పేషెంటుకు పైపు ఉందా’ అని అడిగింది. నూటికి 28 సందర్భాల్లో వాళ్ళకు ఆ సంగతే తెలియదు. వేసినవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు, తీయాలని గుర్తుండేవాళ్ళు ఎవరూ లేరు. 2008 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్, ఆస్పత్రిలో అంటిన ఈ ఇన్‌ఫెక్షన్ ఖర్చు ఇవ్వడం మానేసింది. మా ఆస్పత్రిలో అంత హడావిడి లేకుండా ఒక హెడ్ సిస్టర్ సంచి మీద మార్కర్‌తో పైపు వేసిన తారీఖు రాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే రౌండ్స్‌లో “డాక్టర్, ఈ పైపు ఇవాళ ఎందుకుంచాలి?” అని ప్రతి మంచం దగ్గరా అడిగేది. పీజీలు విసుక్కునేవాళ్ళు. ఆమె వార్డు నుంచి నాకొచ్చే సీసాలు తగ్గాయి. ఆవిడ బదిలీ అయ్యాక మళ్ళీ పెరిగాయి.

వెన్నుపాము పోయినవాళ్ళకు పైపు తీసేస్తే ఎలా అంటారు. దానికీ జవాబు 1972లోనే వచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్, రోజుకు నాలుగైదుసార్లు రోగే సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రాశయం ఖాళీ చేసి వెంటనే తీసేయవచ్చని చూపించాడు. ఆపరేషన్ థియేటరంత శుభ్రం అక్కర్లేదు, సబ్బుతో కడిగిన చేతులు చాలు. నిలవ ఉన్న పైపు లేదు కాబట్టి క్రిమి ఇల్లు కట్టుకునే రబ్బరు లేదు. ఇది నేర్పడానికి సిస్టరుకు ఒక పూట, నేర్చుకోవడానికి రోగికి సిగ్గు విడవడం కావాలి.

వెలిగండ్ల మండలంలో మా దూరపు బంధువు ఒకాయన అది నేర్చుకున్నాడు. నాకు వరసకు బాబాయి. ఆయనకు నడుం కింది భాగం పనిచేయదు, ఫ్లోరైడ్ వెన్నే. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం వాళ్ళ ఊరు ఇంకా ఎదురుచూస్తోంది, తాగడానికి ట్యాంకరు నీళ్ళు. అందులోంచే ఒక చెంబు చేతులకూ గొట్టానికీ విడిగా పక్కన పెడుతుంది పిన్ని, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. మొన్న మూత్రంలో మంటగా ఉందంటే కల్చర్ చేయించమన్నాను. సీసాను ఐసు పెట్టిన ఫ్లాస్కులో పంపమని గట్టిగా చెప్పాను. ఈ.కోలై పెరిగింది. కోట్రైమాక్సజోల్‌కూ నైట్రోఫ్యురాంటోయిన్‌కూ లొంగింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది కాబట్టి డాక్టరు నైట్రోఫ్యురాంటోయిన్ ఏడు రోజులకు రాశారు. బాబాయి ఏడు రోజులూ వేసుకున్నాడు, మంట పోయింది.